మిత్తి దాచి బండి అమ్మకండి

రుద్రంగి మనిషికి కచేరీ పని సిరిసిల్లలో, అంగడి పని కోరుట్లలో, మొక్కు వేములవాడలో. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు రుద్రంగి మండల కేంద్రమై రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరింది, కోరుట్ల జగిత్యాల జిల్లాకు పోయింది. గీత గీసినవాళ్లు గీశారు గానీ మనుషుల తిరుగుడు మారలేదు. ఎరువు బస్తా తేవాలన్నా, పాలు పోయాలన్నా, జ్వరమొచ్చిన పిల్లను రాత్రిపూట దవాఖానకు తీసుకపోవాలన్నా, మరమగ్గం సాంచాల మీద రాత్రి పని దిగి ఇల్లు చేరాలన్నా ఇంటి ముందు ఒక బండి ఉండాలి. అందుకే మొదట ఒక మాట తేల్చుకుందాం. ఈ ఊళ్లల్లో మోటారు సైకిలు షోకు కాదు. "పోరగాళ్లకు బండ్ల పిచ్చి పట్టింది" అని తీర్పులిచ్చే పెద్దమనుషులు రాత్రి ఎనిమిది దాటాక కోరుట్ల బస్టాండులో నిలబడి ఇంటికెట్ల పోతారో ఒక్కసారి చూపించాలి.

బస్సు ఉంది కదా అంటారు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు టికెట్టు లేని ప్రయాణం వచ్చింది, మంచి పని. కానీ టికెట్టు లేకపోతే చాలదు, బస్సు రావాలి, వచ్చిన బస్సులో చోటుండాలి. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో లోయలో పడ్డ బస్సులో వందమందికి పైగా ఉన్నారు. అరవై మందికి పైగా చచ్చిపోయారు. అట్లాంటి బస్సులో ఇరుక్కొని పోవడమా, అప్పు చేసి బండి కొనడమా? ఈ రెండింటి నడుమ నిలబెట్టిన మనిషిని పట్టుకొని అప్పు చేశావేమని అడిగే హక్కు ఎవరికీ లేదు.

అప్పు చేయడం తప్పు కాదు. అప్పు ఇచ్చినోడు మిత్తి దాచడం తప్పు. నా కోపమంతా దాని మీదే.

లక్ష అటూ ఇటూ అయ్యే బండికి అప్పు ఎక్కడ పుట్టాలి? బ్యాంకులో పుట్టాలి. 1969 జూలైలో 14 బ్యాంకులను జాతీయం చేసినప్పుడు ఈ దేశం పల్లెకు ఇచ్చిన మాట అదే: సావుకారి గడప తొక్కే అవసరం లేకుండా చేస్తామని. మరి ఇవాళ బీడీలు చేసే తల్లి, కౌలుకు చేసే తండ్రి ఉన్న ఇంటి కొడుకు బ్యాంకుకు పోతే ఏమడుగుతారు? జీతం స్లిప్పు. ఐటీ రిటర్ను. సిబిల్ స్కోరు. బీడీల తల్లికి పీఎఫ్ ఖాతా ఉంటుంది. ఆ పీఎఫ్ చూసి రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు జీవనభృతి ఇస్తుంది. భృతి ఇచ్చేటందుకు పనికొచ్చే రుజువు, బండి అప్పుకు పనికిరాదట. ఐదేళ్లు దుబాయిలో ఎండకు ఎండి నెలనెలా ఇంటికి పైసలు పంపినోడు, ఆ పైసలన్నీ ఇదే బ్యాంకు ఖాతాలో పడ్డవాడు, ఊరికి తిరిగొచ్చి బండి అప్పు అడిగితే "ఆదాయం ఏం చూపిస్తవ్?" అని ఎదురు ప్రశ్న. పొదుపు తీసుకునేటప్పుడు కనబడ్డ మనిషి అప్పు అడిగేటప్పుడు కనబడకుండా పోతున్నాడు. బ్యాంకు వదిలేసిన ఆ మనిషినే షోరూంలో కూర్చున్న ఫైనాన్సు బల్ల పట్టుకుంటుంది.

ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. పండుగ ముందర. బయట పూలదండలు వేసిన బండ్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి ధర తగ్గిందన్న సంబురం కూడా ఉంది. పిల్లగాడు బండి సీటు మీద చెయ్యి వేసి నిలబడి ఉంటాడు. లోపల తండ్రి ఆధార్ జిరాక్సులు పట్టుకొని కుర్చీ అంచున కూర్చుంటాడు. డౌన్ పేమెంటు కోసం పొద్దున్నే తల్లి గొలుసు గిర్వి పెట్టి వచ్చారు. టాబ్ చేతిలో పట్టుకున్న కుర్రాడు అంటాడు: "బాపూ, నూటికి రూపాయే పడుతది. ఎనభై వేలు తీసుకుంటే నెలకు నాలుగు వేల నూట ముప్పై మూడు. ఇరవై నాలుగు నెలల్ల ఖతం." తండ్రి తలూపుతాడు. రూపాయి మిత్తి అంటే ఆయనకు తెలుసు. ఊళ్లో రెండు రూపాయలు నడుస్తుంటే ఇక్కడ రూపాయికే దొరికిందని నిజంగా సంతోషపడతాడు. ఓటీపీ చెబుతాడు. ఇంగ్లీషులో అచ్చేసిన కాగితాల మీద చూపించిన చోటల్లా సంతకం పెడతాడు.

ఇప్పుడు లెక్క చేద్దాం. ఐదో తరగతి లెక్క చాలు.

ఎనభై వేల మీద నెలకు రూపాయి మిత్తి అంటే 800. ఇరవై నాలుగు నెలలకు 19,200. అసలుతో కలిపి 99,200. దాన్ని ఇరవై నాలుగుతో భాగిస్తే 4,133. కుర్రాడు చెప్పిన కిస్తు అదే. లెక్క సరిపోయినట్టే కనబడుతుంది. కానీ ప్రతి కిస్తులో 3,333 రూపాయలు అసలు కింద తిరిగి పోతున్నాయి కదా? ఏడాది తిరిగేసరికి 40,000 అసలు కట్టేశాడు. మిగిలింది 40,000. పదమూడో నెల రూపాయి మిత్తి చొప్పున పడాల్సింది 400. తీసుకునేది మాత్రం 800. ఆఖరి నెలకు రండి. ఆ మనిషి దగ్గర కంపెనీది మిగిలిన అసలు 3,333. రూపాయి మిత్తి అయితే 33 రూపాయలు. తీసుకునేది మళ్లీ 800. ఆ ఒక్క నెలకు చూస్తే నూటికి 24 రూపాయల మిత్తి. సావుకారి కూడా నోరెత్తి అడగడానికి జంకే మిత్తి.

నిజంగా రూపాయి మిత్తే అయితే, తీరిన అసలు తీసేస్తూ లెక్క కడితే, రెండేళ్లకు మొత్తం అయ్యేది 10,000. వసూలు చేసేది 19,200. మిగతా 9,200 ఎక్కడివి? తండ్రి సంతోషపడి తలూపాడే, ఆ తలూపులోంచి తీసుకున్నవి. ఫ్లాట్ రేటు 12 శాతం అని రాసింది అసలు లెక్కలో దాదాపు 21న్నర శాతం. ఇక ప్రాసెసింగ్ ఫీజని, డాక్యుమెంట్ చార్జీలని, అప్పు మీద ఇన్సూరెన్సని మూడు వేలు ముందే కోశారనుకోండి, చేతికి వచ్చింది 77,000, మిత్తి కట్టేది 80,000 మీద. అప్పుడది 25 శాతం దాటుతుంది. ఊరి లెక్కలో నూటికి రెండు రూపాయల పైచిలుకు. తండ్రి ఎవరి నుంచి తప్పించుకున్నానని అనుకున్నాడో ఆ సావుకారి మిత్తే, ఇంకొంచెం ఎక్కువ, ఏసీ గదిలో కూర్చొని ఒప్పుకొని వచ్చాడు.

సావుకారిని నేను మెచ్చుకోవడం లేదు. ఈ ప్రాంతంలో సావుకారి మిత్తికి పోయిన భూములు, పోయిన ప్రాణాలు తక్కువ కాదు. కానీ రెండు రూపాయలు తీసుకునేవాడు రెండు రూపాయలనే చెబుతాడు. ఇష్టమైతే తీసుకో, లేకపోతే లేదు అంటాడు. రిజర్వు బ్యాంకు లైసెన్సున్న కంపెనీ, కోట్ల మందికి అప్పులిచ్చే కంపెనీ, అంతపాటి మాట ఎందుకు చెప్పలేదు? చెబితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. తండ్రి ఆగుతాడు. ఇంకో చోట అడిగి చూస్తాడు. బేరం ఆడతాడు. పల్లె మనిషికి మిత్తి లెక్క తెలియదన్నది అబద్ధం. నూటికి నెలకు ఎంత అని చెప్పండి, చదువు రాని ముసలమ్మ కూడా నోటితో లెక్క కట్టి ఏడాదికి ఎంతయితదో చెబుతుంది. 2004లో ప్రభుత్వం మహిళా సంఘాలకు మూడు శాతం వడ్డీకి అప్పు తెచ్చినప్పుడు దానికి పావలా వడ్డీ అని పేరు పెట్టింది. ఊరూరా ఒక్కరికి కూడా వివరించాల్సిన పని పడలేదు. మనుషుల లెక్కలో చెబితే మనుషులకు అర్థమవుతుంది. ఫ్లాట్ రేటు, రెడ్యూసింగ్ రేటు, ఏపీఆర్ అంటూ తిప్పితే అర్థం కాదు. అర్థం కాకూడదనే తిప్పుతారు.

"రిస్కు ఉంటది సార్, ఎగ్గొట్టేటోళ్లు ఉంటరు" అని కంపెనీల తరఫున మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఉంటారు, కాదనను. ఆ రిస్కుకు ధర రెండు రూపాయలే అనుకుంటే రెండు రూపాయలని బోర్డు మీద రాయండి. రిస్కుకు ధర తీసుకోవడం వ్యాపారం. ధర దాచి తీసుకోవడం మోసం.

ఇక కిస్తు తేదీ సంగతి. ప్రతి నెలా ఐదో తారీఖో పదో తారీఖో. రుద్రంగి రైతుకు నెలనెలా జీతం వస్తుందా? వానకాలం వడ్లు కాంటా అయ్యాక ఒకసారి, యాసంగి వడ్లు కాంటా అయ్యాక ఒకసారి. అదీ కొనుగోలు కేంద్రంలో తేమ ఉందని, లారీ రాలేదని కుప్పల మీద రోజుల తరబడి పడుకున్నాక. బ్యాంకులు ట్రాక్టరు అప్పుకు ఆరు నెలల కిస్తు పెడతాయి, పంట చేతికొచ్చే వేళ చూసుకొని. అదే రైతు, అదే పొలం, అదే పంట. ట్రాక్టరుకు ఉన్న తెలివి బండి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోయింది? చిన్న అప్పు తీసుకునే చిన్నమనిషికి ఆ మాత్రం వెసులుబాటు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

కిస్తు తప్పింది. ఖాతాలో పైసల్లేక ఆటో డెబిట్ వెనక్కి వచ్చింది. బ్యాంకు తన చార్జీ కోసుకుంటుంది, ఫైనాన్సు కంపెనీ తన బౌన్సు చార్జీ వేసుకుంటుంది, దాని మీద జీఎస్టీ, ఆలస్యానికి ఇంకో దండుగ. నాలుగు వేల కిస్తు కట్టలేనోడి మీద వెయ్యి రూపాయల దాకా పడుతుంది.

దండుగ అన్న మాట ఈ నేలకు కొత్త కాదు. దొర గడీ ముందు నిలబెట్టి వేసిన దండుగలు ఇక్కడి ముసలోళ్లకు ఇంకా యాదికున్నాయి. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్లో కూలీలు, చిన్న రైతులు సంఘాలు కట్టి వెట్టి బందు చేశారు, వేసిన దండుగలు వాపసు కట్టించారు. ఆ ఏడు సెప్టెంబరు 7న జగిత్యాలలో ఆ సంఘాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో ప్రభుత్వం ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొర చేతిలోంచి దండుగ పైసలు వాపసు తెచ్చుకున్న తాతల మనుమలు ఇవాళ ఫోనులో మెసేజీ చూసి, ఎవరు వేశారో, ఎందుకు వేశారో అడగకుండా దండుగ కడుతున్నారు. నాకు ఇది చూస్తే కడుపు మండుతుంది. అడగండి! అడిగితే చట్టం మీ పక్కనే ఉంది. కిస్తు తప్పినందుకు వేసే జరిమానాను అసలులో కలిపి దాని మీద మళ్లీ మిత్తి కట్టగూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులోనే ఆదేశం ఇచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి కొత్త అప్పులన్నిటికీ అది అమల్లో ఉంది.

రెండు మూడు కిస్తులు తప్పితే సీజింగోళ్లు దిగుతారు. చౌరస్తాలో నిలబడి ఫోనులో బండి నంబర్లు కొట్టి చూస్తుంటారు. పాల క్యాన్లు కట్టుకొని పోతున్నోణ్ని ఆపుతారు. ఒకడు తాళంచెవి గుంజుకుంటాడు, ఇంకొకడు వెనక కూర్చుంటాడు. కాగితం చూపించరు. పేరు చెప్పరు. వాడు క్యాన్లు విప్పి రోడ్డు పక్కన దించుకునేదాకా కూడా ఆగరు. చుట్టూ నలుగురూ చూస్తుంటారు, తెలిసినోళ్లే. మనిషి నోట్లోంచి మాట రాదు. బండి పోయిన బాధ కన్నా, ఊరందరి ముందర దొంగను పట్టినట్టు పట్టారన్న బాధ పెద్దది. తర్వాత ఆ బండి ఏదో యార్డులో పడి ఉంటుంది, ఎంతకు అమ్మారో ఎవరికి అమ్మారో తెలియదు, అమ్మగా ఇంకా ఇంత బాకీ ఉందని జమానతు ఉన్న బావమరిదికి ఫోను వస్తుంది. బండి లేదు, బాకీ ఉంది, చుట్టరికం చెడింది.

దీన్ని చట్టం ఒప్పుకుంటుందా? ఒప్పుకోదు. అప్పు వసూలుకు, బండి గుంజుకోవడానికి కండబలం వాడగూడదని, చట్టం చెప్పిన దారిలోనే పోవాలని సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. ఢిల్లీ కేసు ఒకటి కూడా దాని ముందుకు వచ్చింది. బండి అప్పు తీసుకున్న ఒక యువకుడి మోటారు సైకిలును ఒక పెద్ద బ్యాంకు వసూలు మనుషులు గుంజుకపోయారు, అతడు ఆత్మహత్య చేసుకున్నాడు, తల్లి కోర్టుకెక్కింది. ఒక్క మోటారు సైకిలు కోసం ఒక ప్రాణం. వసూలు మనుషుల తీరు మీద సుప్రీంకోర్టు 2008లో గట్టిగా మాట్లాడింది. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు రూలు మీద రూలు రాసింది. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలుకు ఫోను చేయగూడదు. బండి తీసుకునే ముందు నోటీసు ఎంత గడువుతో ఇవ్వాలో, అమ్మేముందు బాకీ కట్టడానికి ఆఖరి అవకాశం ఎట్లా ఇవ్వాలో, ఎట్లా అమ్మాలో అన్నీ ఒప్పంద పత్రంలోనే రాసి ఉండాలి. అయినా 2022 సెప్టెంబరులో జార్ఖండ్‌లోని హజారీబాగ్‌లో కిస్తు బాకీ ఉన్న ట్రాక్టరును తోలుకపోతూ వసూలు మనుషులు రైతు ఇంటి గర్భిణిని దాని కిందనే తొక్కించి చంపారు. అప్పుడు రిజర్వు బ్యాంకు ఆ ట్రాక్టరుకు అప్పిచ్చిన కంపెనీ బయటి మనుషులతో వసూళ్లు చేయించగూడదని ఆపింది. కొన్ని నెలలకే ఆ ఆంక్ష ఎత్తేసింది.

రాష్ట్ర ప్రభుత్వం ఏం చేస్తోందని అడుగుతారు. దాని చేతులు కట్టేశారన్నది నిజమే. ఊరి సావుకారికి లైసెన్సు ఉండాలని చెప్పే చట్టం మనకు నిజాం కాలంలోనే, 1349 ఫసలీలోనే ఉంది. 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్సు వేధింపులకు మనుషులు చచ్చిపోతుంటే అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వసూళ్లు ఇంటి గడప ముందు కాదు, పంచాయతీ ఆఫీసులో జరగాలన్నది. దేశమంతా మన వైపు చూసిన చట్టం అది. కానీ 2022 మే నెలలో సుప్రీంకోర్టు, రిజర్వు బ్యాంకు కింద ఉన్న ఫైనాన్సు కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని తీర్పు చెప్పింది. రిజర్వు బ్యాంకు ముంబైలో ఉంది. రుద్రంగి చౌరస్తాలో తాళంచెవి గుంజుకున్నప్పుడు ముంబై ఎట్ల చూస్తుంది? అయితే రోడ్డు మీద బలవంతంగా బండి గుంజుకోవడం వడ్డీ వ్యాపారం కిందికి రాదు, నేరం కిందికి వస్తుంది. దానికి పోలీసు స్టేషను చాలు. "అది మీకూ ఫైనాన్సోళ్లకూ మధ్య విషయం" అని ఏ ఎస్సై కూడా తిప్పి పంపగూడదు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి చిల్లర అప్పుకూ ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. కేఎఫ్‌ఎస్ అంటారు. చార్జీలన్నీ కలిపిన అసలు మిత్తి అందులో ఉండాలి. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి, వివరించి చెప్పాలి. అందులో లేని చార్జీ తర్వాత అతను ఒప్పుకోకుండా వేయగూడదు. ఆ షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లాలి, అంటే కాగితం ఇంటికి తెచ్చుకొని నలుగురికి చూపించి ఆలోచించుకునే హక్కు ఉంది. జిల్లాల్లోని ఎన్ని షోరూముల్లో ఆ పత్రం తెలుగులో బల్ల మీద ఉందో కలెక్టర్లు ఒక్క రోజు తిరిగి చూడాలి. లీడ్ బ్యాంకు మేనేజర్లను వెంటబెట్టుకొని పోవాలి. పత్రం మీద పైన పెద్ద అక్షరాల్లో ఒక్క వాక్యం అచ్చేయించాలి: ఈ అప్పుకు నూటికి నెలకు ఇన్ని రూపాయల మిత్తి. అట్లాగే గ్రామీణ బ్యాంకులు, సహకార బ్యాంకులు బీడీ పీఎఫ్ చూసి, గల్ఫు నుంచి వచ్చిన పైసల లెక్క చూసి, సంఘం పొదుపు చూసి, పంటకో కిస్తు పెట్టి బండి అప్పులివ్వాలి. ఇది దయ కాదు. బ్యాంకులను జాతీయం చేసిననాటి బాకీ.

ఇక అప్పు తీసుకునే తమ్ముళ్లకు, వాళ్ల నాయినలకు. షోరూంలో బండి మీద చెయ్యి వేసే ముందు బల్ల దగ్గరికి పోండి. "అన్నీ కలిపి నూటికి ఎన్ని రూపాల మిత్తి? రాసియ్యి" అని అడగండి. తెలుగు కాగితం అడగండి. ఇవ్వకపోతే సంతకం పెట్టకుండా లేచి రండి, ఇంకో బల్ల ఉంటుంది. ఇప్పటికే తీసుకున్నోళ్లు ఒప్పందం నకలు అడగండి, అది మీ హక్కు. బండి గుంజుకపోతే ఊరుకోకండి, స్టేషనుకు పోండి, నలుగురిని వెంటబెట్టుకొని పోండి. కంపెనీకి రాసిన ఫిర్యాదుకు ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి, 14448కి ఫోను చేసి ఎట్ల రాయాలో అడగండి, పైసా ఖర్చు లేదు. వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. ఆఖరి కిస్తు కట్టిన రోజే బాకీ తీరిందన్న ఎన్‌వోసీ అడిగి తీసుకోండి, ఆర్సీ మీద కంపెనీ పేరు కొట్టేయించండి. ఒక్కరు అడిగితే కసురుతారు. కథలాపూర్ నుంచి చందుర్తి దాకా బండి కొనేటోళ్లందరూ అడగండి.